స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద నేర్చుకున్నది వార్డులో పనికొస్తుందా?

అమ్మా, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నావు. కాలేజీలో కొత్తగా సిమ్యులేషన్ ల్యాబ్ కట్టి, ఖరీదైన మ్యానికిన్ (మనిషి ఆకారంలో ఉండే శిక్షణ బొమ్మ) ఒకటి తెచ్చి అద్దాల గదిలో పెట్టారు. ఆ గదికి ఎప్పుడూ తాళమే. "బొమ్మ మీద చేసిందేదీ వార్డులో పనికిరాదు, పెద్దాసుపత్రిలో పోస్టింగ్ దొరికితే అదే చాలు" అని సీనియర్లు అంటున్నారు. వాళ్ల మాట నమ్మాలా, ల్యాబ్ కోసం మేడమ్‌లని అడగాలా అన్నది నీ సందేహం. పరీక్షల గురించీ ఒక మాట అడిగావు. నేను విజయవాడలో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, తర్వాత ట్యూటర్‌నై, ఇప్పుడు స్కిల్ ల్యాబ్ చూసుకుంటున్నాను. వార్డూ తెలుసు, ల్యాబూ తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ల్యాబ్ కోసం తప్పకుండా అడగండి. అయితే తాళంచెవి ఒక్కటే అడిగితే చాలదు. సీను, అంటే ల్యాబ్‌లో నటించి చేసే కేసు, అయిపోయాక మీతో పాటు కూర్చుని, ఎవరు ఏం చేశారో, ఎందుకలా చేశారో ఓపిగ్గా మాట్లాడించే ట్యూటర్ని కూడా అడగండి. ఆ మాట్లాడుకోవడాన్నే డీబ్రీఫింగ్ అంటాం. నేర్చుకునేదంతా దాదాపు అక్కడే. అది లేని ల్యాబ్‌లో లక్షలు పోసి కొన్న మ్యానికిన్ ఉన్నా మీ సీనియర్లు అన్నదే నిజమవుతుంది.

వాళ్లు అలా అనడానికి కారణం లేకపోలేదు. మన దగ్గర పేషెంట్లకి కొరత లేదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) క్యాజువాలిటీలో ఒక్క రాత్రి నిలబడితే పుస్తకంలో సగం కళ్ల ముందు కనపడుతుంది. విదేశాల్లో సిమ్యులేషన్ అంతగా పెరగడానికి ఒక ముఖ్య కారణం విద్యార్థులకి వార్డుల్లో చోటు చాలకపోవడం. మన ఇబ్బంది వేరు. ఒక్కో మంచం చుట్టూ డజను మంది నిలబడతారు, ఒకరు చేస్తారు, మిగతావాళ్లు రికార్డులో రాసుకుంటారు. చెయ్యి పెట్టే అవకాశం వచ్చిన ఆ ఒక్కరికీ చాలాసార్లు అదే మొదటిసారి. ఆ మొదటిసారి ఎవరి మీద జరుగుతోందో ఆలోచించు. సింగిల్ రూములో ఉన్నాయన "స్టూడెంట్ వద్దు, సిస్టర్ని పిలవండి" అంటాడు. పల్నాడు నుంచి బస్సెక్కి వచ్చి జనరల్ వార్డులో పడుకున్న ముసలమ్మ అలా అనదు. నరం దొరక్క మళ్లీ మళ్లీ గుచ్చినా "పర్లేదులే తల్లీ, నేర్చుకో" అంటుంది. ఆ తల్లి మంచితనాన్ని వాడుకుని మన చదువు నడవకూడదు. సిమ్యులేషన్‌ని నేనింత గట్టిగా పట్టుకోవడానికి మొదటి కారణం ఇదే. క్యాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం) ఎలా పట్టుకోవాలో, రక్తం కనపడగానే సూది ఎంత వెనక్కి లాగాలో, చేతికి బిగించిన టూర్నికే పట్టీ ఎప్పుడు వదలాలో తెలియని చెయ్యి ఆ అమ్మ దగ్గరికి వెళ్లకూడదు. అదంతా రబ్బరు చేతి మీద అలవాటయ్యాకే వెళ్లాలి.

ఇక పనికొస్తుందా అన్న ప్రశ్న. దీని మీద పెద్ద పరిశీలనే జరిగింది. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పది కాలేజీల్లో విద్యార్థుల్ని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకి దాదాపు మామూలు వార్డు పోస్టింగులే, సిమ్యులేషన్ 10 శాతానికి మించలేదు. రెండో గుంపుకి క్లినికల్ గంటల్లో 25 శాతం, మూడో గుంపుకి 50 శాతం సిమ్యులేషన్. ఫలితాలు 2014లో వచ్చాయి. చదువు ముగిసేసరికి విషయ పరిజ్ఞానంలోగానీ, చేతి పనిలోగానీ, లైసెన్సు పరీక్ష పాస్ కావడంలోగానీ మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉద్యోగంలో చేరాక మొదటి ఆర్నెల్లు చూసినా అంతే. ఇది చదివి "సగం పోస్టింగులు తీసేయొచ్చు" అని సంబరపడే మేనేజ్‌మెంట్లు ఉంటాయి కాబట్టి రెండో సగం కూడా చెప్పాలి. ఆ కాలేజీల్లో సీను నడిపినవాళ్లంతా దానికోసం శిక్షణ పొందినవాళ్లు, ప్రతి సీను తర్వాతా పద్ధతి ప్రకారం డీబ్రీఫింగ్ జరిగింది. ఆ రెండూ లేకుండా ఆ ఫలితం మనకీ వస్తుందని ఎవరూ మాటివ్వలేరు. మన దగ్గర 2019లో ఎంబీబీఎస్‌కి కొత్త కరికులం వచ్చినప్పుడు స్కిల్ ల్యాబ్ తప్పనిసరి అయింది. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌ని సెమిస్టర్లుగా మార్చినప్పుడు స్కిల్ ల్యాబ్, సిమ్యులేషన్ గంటలు సిలబస్‌లోకే వచ్చాయి. కాబట్టి మీరు అడుగుతున్నది మీకు రావాల్సిందే. మొహమాటపడొద్దు.

ఒక సీను ఎలా నడుస్తుందో చూపిస్తాను. మిర్చి, పత్తి పండే మన నేలలో ప్రతి నర్సూ చూడక తప్పని కేసు పురుగుమందు కేసు. దీనికి మీ అద్దాల గదిలో మ్యానికిన్ అక్కర్లేదు, సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కడం) నేర్పే మామూలు బొమ్మ చాలు. దానికి పాత చొక్కా, లుంగీ కట్టండి. చొక్కా మీద దంచిన వెల్లుల్లి రుద్దండి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగినవాళ్ల దగ్గర చాలాసార్లు అలాంటి వాసనే వస్తుంది. నోటి దగ్గర సబ్బు నురగ పెట్టండి. ఒంటి మీద నీళ్లు చల్లితే చెమట. కనుపాపలు సూదిమొనంత ఉన్నాయన్న చీటీ ట్యూటర్ దగ్గర ఉంటుంది, ఎవరైనా టార్చ్ వేసి చూస్తేనే ఇస్తారు. పల్స్, బీపీ, ఆక్సిజన్ కూడా అంతే, చూసినవాళ్లకే చెబుతారు. క్లాసులో ఒకమ్మాయి భార్య వేషం వేస్తుంది. "పొలంలో మందు కొట్టొచ్చాడమ్మా, ఎండకి కళ్లు తిరిగి పడిపోయాడు" అని ఏడుస్తుంది. అతను తాగాడన్న సంగతి, ఎవరో ఒకరు ఆమెని పక్కకి తీసుకెళ్లి మెల్లిగా అడిగితేనే చెప్పాలని ముందే అనుకుంటారు. డబ్బా ఏదో, ఎంత తాగాడో, ఎంతసేపైందో కూడా అప్పుడే బయటికొస్తుంది.

నలుగురు లోపలికి వెళ్తారు. ఒకరు తల దగ్గర ఊపిరి, సక్షన్ చూస్తారు. ఒకరు లైను, మందులు. ఒకరు టైము రాస్తారు. ఒకరు బట్టలు, ఒళ్లు కడగడం, బంధువులు. డాక్టరుగా ట్యూటరో, ఓపికున్న హౌస్ సర్జనో నిలబడి విరుగుడు మందు అట్రోపిన్ 1.8 మిల్లీగ్రాములు ఐవీ (నరంలోకి) ఇవ్వమంటారు. అయిదు నిమిషాల్లో ఛాతీలో గరగర పోయి తేటపడకపోతే, గుండె వేగం, బీపీ పెరగకపోతే డోసు రెట్టింపు. మళ్లీ చూడాలి, మళ్లీ రెట్టింపు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఇప్పుడు చేతుల్తో చెయ్యి. మన దగ్గర అట్రోపిన్ యాంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రామే. అంటే మొదట 3 యాంప్యూళ్లు, తర్వాత 6, ఆ తర్వాత 12. పన్నెండు గాజు యాంప్యూళ్లు విరిచి సిరంజిలోకి లాగడానికి ఎంతసేపు పడుతుందో, దానికి ఇంకో జత చేతులు కావాలని ఎంత ముందు గొంతెత్తి అడగాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఈ లోపు డాక్టరు "ఇప్పటిదాకా మొత్తం ఎంత వెళ్లింది?" అని అడుగుతారు. రాయాల్సిన అమ్మాయి సాయం చెయ్యాలని తనూ యాంప్యూళ్లు విరుస్తూ కూర్చుంటుంది. ఆ ప్రశ్నకి గదిలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఈ నిశ్శబ్దాన్ని ల్యాబ్‌లో ఒకసారి అనుభవించిన పిల్ల క్యాజువాలిటీలో పెన్ను వదలదు.

సీను పది పన్నెండు నిమిషాలు. దాని గురించి మాట్లాడుకోవడం కనీసం అంతసేపు, వీలైతే రెట్టింపు. ఇక్కడే మన కాలేజీలు తడబడతాయి. "బట్టలు ఎందుకు తియ్యలేదు?" అని ట్యూటర్ గద్దిస్తే పిల్ల తల దించుకుని "సారీ మేడమ్" అంటుంది. అంతటితో సరి, ఎవరికీ ఏమీ తెలియదు. అదే ట్యూటర్ ఇలా అడిగిందనుకో: "నువ్వు బట్టలు తియ్యకుండా నేరుగా చేతి దగ్గరికి వెళ్లావు. ఒంటి మీది మందు ఇంకా లోపలికి పోతోందని నాకు కంగారేసింది. ఆ నిమిషంలో నీ మనసులో ఏముంది?" అప్పుడు అసలు మాట వస్తుంది. నా క్లాసులో ఒకమ్మాయి "మగ మనిషి బట్టలు అందరి ముందూ ఎలా తియ్యాలో తెలియక ఆగిపోయాను మేడమ్" అంది. తెలివి తక్కువై కాదు, బద్ధకమూ కాదు. ఆ బిడియం ఇరవై ఏళ్ల ఆడపిల్లకి సహజం. తర్వాత పది నిమిషాలు దాని గురించే మాట్లాడాం. తెర ఎవరు లాగాలి, దుప్పటి కప్పి కింద నుంచి కత్తెరతో ఎలా కోయాలి, ఎంఎన్ఓని (మగ నర్సింగ్ ఆర్డర్లీని) ఏ మాటతో పిలవాలి, భార్యకి ఏం చెప్పాలి, గ్లోవ్స్ ఎందుకు ముందు. పాఠం చెప్పాలని ఎంత ప్లాన్ వేసుకున్నా నాకు ఆ ప్రశ్న తట్టేది కాదు. పిల్ల నోటి నుంచే రావాలి.

అలా రావాలంటే భయం ఉండకూడదు. సీను మొదలయ్యే ముందే ట్యూటర్ కొన్ని మాటలివ్వాలి. దీనికి మార్కులు లేవు. ఇక్కడ జరిగింది ఈ గది దాటదు. వీడియో తీస్తే డీబ్రీఫింగ్ కోసమే, అది ఎవరి వాట్సాప్‌లోకీ వెళ్లదు. బొమ్మ ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు అన్నది ముందే చూపించాలి, లేకపోతే పల్స్ ఎక్కడ దొరుకుతుందో వెతకడంలోనే సగం సమయం పోతుంది. ట్యూటర్ తిట్టే మనిషైతే ఎంత గొప్ప మ్యానికిన్ ఉన్నా పిల్లలు నేర్చుకునేది తప్పు దాచడమే. వార్డులో తప్పు దాచిన నర్సు చేతిలో మనుషులు పోతారు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

రెండో సీను, లేబర్ రూముది. దీనికి బొమ్మే అక్కర్లేదు. మంత్రసానితనం నేర్పే మ్యానికిన్లలో మనిషి నడుముకి కట్టుకునే రకం ఒకటుంది. ఒకరు దాన్ని కట్టుకుని తల్లిలా మాట్లాడుతుంటే మిగతావాళ్లు కాన్పు చేస్తారు. అది లేకపోతే దిండు, పాత దుప్పటి, ఎర్రరంగు నీళ్లు నింపిన సెలైన్ సీసాతో మీరే తయారు చేసుకోవచ్చు. దానికన్నా ముందు మాత్రం ఒక పని చెయ్యండి. కొలిచిన అర లీటరు ఎర్రనీళ్లు కొంత ప్యాడ్ల మీద, కొంత దుప్పటి మీద, కొంత నేల మీద పొయ్యండి. ఒక్కొక్కరిగా వచ్చి ఎంత రక్తమో కాగితం మీద రాయండి. దాదాపు అందరూ తక్కువే రాస్తారు. కాన్పు తర్వాత రక్తం 500 మిల్లీలీటర్లు దాటితే పీపీహెచ్, అంటే ప్రమాదకర రక్తస్రావం, అని మీకందరికీ కంఠతా వచ్చు. ఆ 500 ఎలా ఉంటుందో కంటికి తెలియాలి కదా. కంటి అంచనాని నమ్మకుండా, తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ వేసి రక్తాన్ని కొలిచి, గీత దాటగానే గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్ మందులు, ఫ్లూయిడ్స్, పరీక్ష అన్నీ ఒక్కసారే మొదలుపెట్టే పద్ధతిని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో పరీక్షించారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. అందులో కొత్త మందేమీ లేదు. ఉన్నవే సమయానికి, కలిసికట్టుగా చెయ్యడం. సిమ్యులేషన్‌లో మీరు సాధన చేసేదీ సరిగ్గా అదే.

ఈ సీనులో తల్లి వేషం వేసే అమ్మాయికి ఒక మాట చెప్పండి. సమయం గడిచేకొద్దీ "దాహమేస్తోంది సిస్టర్, చలిగా ఉంది" అని అంటూ, నెమ్మదిగా మాటలు తగ్గించెయ్యాలి. ఎవరు ఆమె మొహం వైపు చూస్తున్నారో, ఎవరు కేవలం కింద రక్తం వైపే చూస్తున్నారో డీబ్రీఫింగ్‌లో అడగండి. మనిషినే పేషెంటుగా నేర్పి తయారుచెయ్యడం హోవర్డ్ బారోస్ అనే అమెరికన్ డాక్టరు 1963లో మొదలుపెట్టాడు. ఈ పద్ధతి మనకి బాగా సరిపోతుంది, ఎందుకంటే మన పిల్లలకి ప్రొసీజర్ వచ్చినా తెలుగులో పేషెంటుకి చెప్పడం రాదు. "మీకు క్యాథటరైజేషన్ చేస్తున్నామండీ" అంటే రెంటచింతల రైతుకి ఏం అర్థమవుతుంది? "మూత్రం కోసం సన్నటి గొట్టం వేస్తాం నాయనా, కాస్త మంటగా ఉంటుంది, గట్టిగా ఊపిరి తీసుకో" అనడం కూడా నోటికి అలవాటు కావాలి. అలవాటు చేసుకునే చోటు ల్యాబే.

సీపీఆర్ గురించి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, ప్రతి నొక్కుకీ ఛాతీ పూర్తిగా పైకి లేవాలి, రెండు నిమిషాలకి మనిషి మారాలి. నేల మీద పెట్టిన బొమ్మ మీద అందరూ బాగానే చేస్తారు. అదే బొమ్మని పరుపున్న మంచం మీద పడుకోబెట్టి చెయ్యండి. పరుపు దిగిపోతుంది, ఛాతీ దిగదు. వీపు కింద బోర్డు ఎందుకో, పొట్టిగా ఉన్న అమ్మాయికి కాళ్ల కింద స్టూల్ ఎందుకో అప్పుడు తెలుస్తుంది. ఈ బొమ్మని 1960లో తయారుచేసిన ఆస్మండ్ లేర్డాల్ నార్వేలో బొమ్మల వ్యాపారి, డాక్టరు కాదు. ఖరీదు కన్నా వాడకం ముఖ్యమని చెప్పడానికి దీన్ని మా పిల్లలకి తరచూ చెబుతుంటాను.

చేతి పనులకైతే ఇంట్లోనే చాలా సాధ్యం. సుశ్రుత సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయమంతా ఇదే. కోత సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద, సిర గుచ్చడం చనిపోయిన జంతువుల సిరల మీద, కలువ తూళ్ల మీద, కుట్లు గుడ్డ అంచుల మీద, మెత్తటి తోలు మీద, కట్లు మనిషి బొమ్మ మీద నేర్చుకోమంటుంది. శాస్త్రమంతా చదివినా చేతి సాధన లేనివాడు పనికి తగడని కూడా చెబుతుంది. మనం ఐవీ సెట్ గొట్టంలో ఎర్రనీళ్లు నింపి, రెండు చివర్లూ కట్టి, చికెన్ కొట్టులో అడిగి తెచ్చుకున్న తోలు కింద పెడితే క్యాన్యులా సాధనకి చాలా బాగుంటుంది. కండలోకి వేసే (ఇంట్రామస్క్యులర్) ఇంజెక్షన్‌కి బత్తాయి. వాడిన సూది మాత్రం ఇంట్లో చెత్తబుట్టలో వెయ్యొద్దు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి కాలేజీ షార్ప్స్ డబ్బాలోకి చేర్చండి. చికెన్ తోలు తాకిన చేతులు సబ్బుతో కడుక్కోండి.

జాగ్రత్త ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. సాధన కోసం నీళ్లు నింపిన సిరంజిలు, గడువు దాటిన యాంప్యూళ్లు, ఎర్రనీళ్ల సెలైన్ సీసాలు పొరపాటున కూడా వార్డు ట్రేలోకి వెళ్లకూడదు. ప్రతిదాని మీదా "శిక్షణకు మాత్రమే" అని పెద్ద అక్షరాలతో అంటించండి. సీను మొదలవ్వక ముందు లెక్క, అయ్యాక లెక్క. ఎప్రన్ జేబులో మర్చిపోయిన ఒక్క సిరంజి చాలు, ఘోరం జరగడానికి.

ల్యాబ్ నేర్పలేనివి కూడా ఉన్నాయి. డయాలసిస్ పేషెంటు చేతి నరాలు, తొంభై ఏళ్ల ముసలాయన కాగితంలాంటి చర్మం, రాత్రి మూడింటికి మూడో అడ్మిషన్ వచ్చినప్పటి అలసట, బిడ్డ పోయిందని చెప్పాక వరండాలో కూర్చున్న తండ్రి. వీటికి బొమ్మ లేదు. అందుకే పోస్టింగులు తగ్గించుకోమని నేనెప్పుడూ అనను. ఈ వారం ల్యాబ్‌లో చేసింది వచ్చే వారం వార్డులో చూడాలి. వార్డులో చూసి అర్థం కానిదాన్ని తిరిగి ల్యాబ్‌కి తెచ్చి సీనుగా కట్టాలి. అలా జరిగిన బ్యాచ్‌లో పిల్లలు వేరుగానే ఉంటారు, స్టాఫ్ సిస్టర్లే వచ్చి చెబుతారు.

పరీక్షల సంగతి కూడా అడిగావు. ఓస్కీలో, అంటే స్టేషన్ల వారీగా జరిగే ప్రాక్టికల్ పరీక్షలో, స్టేషన్‌కి ఇన్ని నిమిషాలని ఉంటుంది, చెక్‌లిస్ట్ చూసి మార్కులేస్తారు. చేతులు కడుక్కోవడం, పేరు అడిగి ఐడీ బ్యాండ్ సరిచూడటం, ఏం చేయబోతున్నామో చెప్పడం, ఇవి మర్చిపోయి చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు. సీన్లు నాలుగైదు చేసినవాళ్లకి ఇవి వాటంతటవే వస్తాయి. దీనికి వేరే కిటుకు లేదు.

ఇక అడగడం ఎలా. ప్రిన్సిపల్ మేడమ్ దగ్గరికి గుంపుగా వెళ్లి "ల్యాబ్ తెరవడం లేదు" అని ఫిర్యాదు చెయ్యకండి. చాలా కాలేజీల్లో ఆ మ్యానికిన్ పాడైతే రిపేరు ఖర్చు తన మీద పడుతుందని ట్యూటర్‌కి భయం, నడపడం ఎవరూ నేర్పలేదన్న బెరుకు. అందుకని పెద్ద మ్యానికిన్ జోలికి వెళ్లకుండా మొదలుపెట్టండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కాగితం తీసుకెళ్లండి. అందులో శనివారం మధ్యాహ్నం రెండు గంటలు, మామూలు సీపీఆర్ బొమ్మ, ఒక మంచం, ఫలానా సీను, ఫలానా ట్యూటర్ అని రాసి ఉండాలి. మీరు నమ్మే, కోప్పడని ట్యూటర్ పేరే రాయండి, ఆవిడకి ముందే చెప్పి ఒప్పించండి. సామాన్ల జాబితా, ఎవరు తెస్తారో కూడా ఉంటే కాదనడం కష్టం. గ్లోవ్స్, ఐవీ సెట్లు కొత్తపేట సర్జికల్ షాపుల్లో డబ్బాగా కొంటే బ్యాచ్ మొత్తానికి పెద్ద ఖర్చేమీ కాదు. నాలుగు శనివారాలు సజావుగా జరిగితే అద్దాల గది గురించి మేడమే మాట్లాడతారు.

మొదటి సీను పీపీహెచ్ పెట్టుకోండి. పురుగుమందు కేసు రెండోసారికి. మొదటిసారే అంతమంది పాత్రలు, అన్ని యాంప్యూళ్లు అంటే గందరగోళమై డీబ్రీఫింగ్‌కి టైము మిగలదు. సీను మీరే రాసుకోండి: పేషెంటు ఎవరు, ఏ సమస్యతో వచ్చారు, ఎన్నో నిమిషానికి ఏం మారుతుంది, ఏం చేస్తే కుదుటపడతారు, నేర్చుకోవాల్సిన విషయాలు రెండు మూడుకి మించకుండా. ఒక పేజీ చాలు. రాశాక ఇక్కడే పెట్టమ్మా, ఎక్కడ తగ్గించాలో, ట్యూటర్ ఏ ప్రశ్నతో మొదలుపెడితే బాగుంటుందో చూసి చెబుతాను.